ఈడేరే పిల్లలు - నోరు విప్పుతున్న పెద్దలు

ముప్పయి ఏళ్ళ క్రితం ఈడేరిన కూతురిని వెంటబెట్టుకొని ఒక తల్లి మా చికిత్సాలయానికి వచ్చిందంటే, ఆ సన్నివేశం దాదాపు ఎప్పుడూ ఒకే తీరుగా నడిచేది. అమ్మాయిని వరండాలోని బల్ల మీద కూర్చోబెట్టి తల్లి ఒక్కతే లోపలికి వచ్చేది. తలుపు ఓరగా వేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "అమ్మాయికి ఆ మూడు రోజులూ..." అని ఆగిపోయేది. మిగిలిన వాక్యాన్ని వైద్యుడే పూర్తి చేసుకోవలసి ఉండేది. మందు అమ్మాయికి, మాటలు తల్లికి. తన శరీరంలో ఏమి జరుగుతోందో తెలుసుకోవలసిన ఆ పిల్లకు మాత్రం ఒక చూర్ణం పొట్లం తప్ప మరేమీ అందేది కాదు.

ఈమధ్య ఒక సాయంత్రం బ్యాంకులో ఉద్యోగం చేసే ఒక గృహిణి పన్నెండేళ్ళ కుమార్తెతో వచ్చారు. పాత అలవాటు కొద్దీ నేను, "పాపను కాసేపు బయట కూర్చోమనండి" అన్నాను. ఆమె కదలలేదు. "దాన్ని ఉండనివ్వండి డాక్టరుగారూ. దాని ఒంటి గురించే కదా మనం మాట్లాడుకునేది! నేను దాని వయస్సులో మీ వరండాలోనే కూర్చున్నాను. లోపల మీరూ మా అమ్మా ఏమి మాట్లాడుకున్నారో ఈ రోజుకూ నాకు తెలియదు" అన్నారు.

ఆ మాటకు నేను సిగ్గుపడ్డాను. కౌమారదశలోని పిల్లలకు లైంగిక ఆరోగ్యాన్ని గురించి తెలియజెప్పే విషయంలో తల్లిదండ్రులు మారుతున్నారా అని మా పాఠకులు తరచుగా అడుగుతూ ఉంటారు. మారుతున్నారు. కాని అందరూ కాదు, అన్ని విషయాలలోనూ కాదు. తల్లులు మారినంతగా తండ్రులు మారలేదు. కూతుళ్ళకు చెబుతున్నంతగా కొడుకులకు ఎవ్వరూ చెప్పడం లేదు. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ లోటును గురించే.

సమర్త చెప్పినది, చెప్పనిది

మన పెద్దలు ఈ సంగతిని పూర్తిగా దాచిపెట్టారనడం న్యాయం కాదు. అమ్మాయి పెద్దమనిషి అయిందంటే ఊరంతటికీ కబురు వెళ్ళేది. తాటాకు చాప, పసుపు నీళ్ళు, చిమ్మిలి, ఎండుకొబ్బరి, మేనమామ తెచ్చిన చీర, ముత్తైదువల హారతి పాటలు - ఇంత ఆర్భాటంగా ప్రకటించిన విషయాన్ని రహస్యమని ఎలా అనగలం? నువ్వులూ బెల్లమూ కలిపి దంచిన చిమ్మిలిలో ఇనుము, సున్నం, నూనె పదార్థం ఉంటాయి. ఎదిగే ఆడపిల్లకు అది చక్కని ఆహారమే. కాని వేడుకంతా "ఏమి జరిగింది" అన్నదానికే. "ఎందుకు జరిగింది, ఇకమీదట ఏమవుతుంది" అన్నది ఆ పాటలలో లేదు. ఊరందరికీ తెలిసిన సంగతికి కారణం తెలియనిది ఆ వేడుకలో చాప మీద కూర్చున్న పిల్ల ఒక్కతే.

అప్పట్లో ఆ లోటు పెద్దగా బయటపడకపోవడానికి ఒక కారణం ఉన్నది. బాల్యవివాహ నిరోధక చట్టం 1929లో వచ్చి 1930 ఏప్రిల్ 1 నుండి అమలు అయ్యేవరకు ఆడపిల్ల వివాహం రజస్వల కావడానికి ముందే జరిగిపోవడం చాలా కుటుంబాలలో మామూలు. ఆ చట్టం కూడా ఆడపిల్లకు 14, మగపిల్లవానికి 18 సంవత్సరాలు మాత్రమే నిర్ణయించింది. 1949లో ఆడపిల్లకు అది 15 అయింది. 1978లో జరిగిన సవరణతో ఆడపిల్లకు 18, మగవానికి 21 అయింది. అంటే ఈడేరడానికీ కాపురానికీ మధ్య వ్యవధి చాలా తక్కువ. తెలియవలసిన నాలుగు మాటలు వదినెగారో మేనత్తో పెళ్ళినాటి రాత్రి చెవిలో ఊదేవారు. అది మంచి పద్ధతి అని నేను అనడం లేదు. ఆ నాలుగు మాటలలో సగం తప్పులే ఉండేవి. ఏదో ఒకటి చెప్పే మనిషి మాత్రం ఇంట్లో ఉండేది.

నేడు మధ్యతరగతి ఇంట ఆడపిల్ల పన్నెండు, పదమూడేళ్ళకు పుష్పవతి అయి ఇరవై మూడో ఇరవై అయిదో వచ్చాక పెళ్ళి చేసుకుంటున్నది. నడుమనున్న పది పన్నెండేళ్ళూ హాస్టలులో, కళాశాలలో, ఊరుగాని ఊళ్ళో ఉద్యోగంలో గడుస్తున్నాయి. మేనత్త మరో పట్టణంలో ఉంటుంది, అమ్మమ్మ ఫోనులో మాత్రమే పలుకుతుంది. పాత ఏర్పాటు పోయింది, దాని స్థానంలో కొత్తది రాలేదు. మరోవైపు పాత సమస్యా పూర్తిగా తీరలేదు. 2019-21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ళ యువతులలో 18 నిండకముందే వివాహమైనవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29.3, తెలంగాణలో 23.5. కాబట్టి ఒకే వీధిలో ఒక ఇంట పదహారేళ్ళకే గర్భిణి అయిన బాలిక, ఎదురింట పాతికేళ్ళు వచ్చినా తన శరీర ధర్మం తెలియని పట్టభద్రురాలు కనిపించడం మాకు వింతగా తోచదు.

మొగ్గలోని పరిమళం

"ఇవన్నీ పాశ్చాత్యుల పోకడలు, మన సంప్రదాయంలో పిల్లలకు ఇలాంటివి చెప్పరు" అని కొందరు తండ్రులు అంటూ ఉంటారు. వారికి సుశ్రుత సంహితను ఒకసారి తిరగవేయమని నా మనవి. మొగ్గలో పరిమళం ఉన్నట్లే ఉండి, అది వికసించేదాకా బయటపడనట్లుగా, బాలునిలో శుక్రం ఉండి కూడా వయస్సు వచ్చేదాకా వ్యక్తం కాదని ఆ గ్రంథం వర్ణించింది. ఆడపిల్లకు ఆ కాలంలోనే రోమాలు, ఋతుస్రావం, స్తనాల పెరుగుదల క్రమంగా కలుగుతాయని చెప్పింది. ఋతుస్రావం పన్నెండేళ్ళ ప్రాంతంలో మొదలై యాభై ఏళ్ళకు ఆగుతుందని లెక్క కట్టింది. పదహారేళ్ళు నిండని స్త్రీకి, పాతికేళ్ళు నిండని పురుషునికి కలిగే గర్భం నిలవదనీ, నిలిచినా బిడ్డ బలహీనంగా ఉంటుందనీ హెచ్చరించింది. ఇంత స్పష్టంగా, ఏ సంకోచమూ లేకుండా మాట్లాడిన వైద్యుడు మన దేశంవాడే. సంకోచం మనం మధ్యలో తెచ్చుకున్నది.

ఆయుర్వేదంలోని ఎనిమిది అంగాలలో బాలుర సంరక్షణకు కౌమారభృత్యమనే ప్రత్యేక శాఖ ఉన్నది. చరకుడు ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం అనే మూడింటిని దేహానికి ఊతకర్రలుగా చెప్పాడు. చెప్పకుండా దాచిపెట్టడం ఆ మూడింటిలోనూ లేదు. తెలియనివాడు నిగ్రహం పాటించడు, భయపడతాడు అంతే. భయానికీ నిగ్రహానికీ ఉన్న తేడా వైద్యవృత్తిలో ఉన్నవారికి రోజూ కనిపిస్తూనే ఉంటుంది.

బడిలో వద్దన్నారు

ఈ విషయమై తెలుగునాట మొదటిసారి ఇళ్ళలో మాట పుట్టించినది ఎయిడ్స్ వ్యాధి. మన దేశంలో తొలి కేసులు 1986లో బయటపడ్డాయి. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏర్పడింది. తరువాతి కాలంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ వ్యాధి అధికంగా ఉన్న రాష్ట్రాల జాబితాలో చేరింది. గోడల మీద, బస్సుల వెనుక, రేడియోలో ప్రచారం హోరెత్తింది. భోజనాల వేళ టీవీలో నిరోధ్ ప్రకటన రాగానే తండ్రి లేచి చానల్ మార్చడం ఎన్ని ఇళ్ళలో జరగలేదు! ఆ తండ్రి చేయి రిమోట్ మీదికి వెళ్ళిన క్షణంలోనే పిల్లలకు ఒక పాఠం అందింది: ఈ విషయం నాన్నను అడగరాదు అని. వారపత్రికలలో డాక్టర్ సమరం వంటి వైద్యులు పాఠకుల సందేహాలకు సూటిగా సమాధానాలు వ్రాసేవారు. ఆ పేజీలను పెద్దలు చదివి పరుపు కింద దాచేవారు, పిల్లలు పరుపు కింద నుండి తీసి చదివేవారు. ఒకే ఇంట్లో ఇద్దరూ చదివారు, ఒకరితో ఒకరు మాత్రం మాట్లాడుకోలేదు.

2005లో కేంద్ర మానవ వనరుల శాఖ, ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కలిసి పాఠశాలలలో కౌమార విద్యా కార్యక్రమాన్ని ప్రారంభించాయి. 2007 నాటికి మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, కర్ణాటక, గుజరాత్ మొదలైన రాష్ట్రాలు పుస్తకంలోని బొమ్మలు, పాఠాలు అభ్యంతరకరమని దానిని నిలిపివేశాయి. మన నెల్లూరు జిల్లాకు చెందిన వెంకయ్యనాయుడుగారి అధ్యక్షతన ఉన్న రాజ్యసభ పిటిషన్ల కమిటీ 2009లో, బడులలో లైంగిక విద్య మన సామాజిక, సాంస్కృతిక జీవనానికి తగదని అభిప్రాయపడింది. ఆ కమిటీ సభ్యుల ఆందోళనను ఎగతాళి చేయవలసిన పని లేదు. పరాయి దేశపు పుస్తకాన్ని యథాతథంగా అనువదించి, ఏ శిక్షణా లేని ఉపాధ్యాయుని చేతిలో పెడితే తరగతిలో నవ్వులాట తప్ప మరేమి జరుగుతుంది? అయితే బడిలో వద్దన్నవారు, మరి ఎక్కడ అన్న ప్రశ్నకు ఇంటినే చూపించారు. ఇంట్లో చెప్పవలసినవారికి ఎవరు చెప్పారు?

ఇలా చెబితే పిల్లలు చెడిపోతారన్న అనుమానానికి సమాధానం ఉన్నది. వివిధ దేశాలలో జరిగిన పరిశోధనలను సమీక్షించి ఐక్యరాజ్యసమితి విద్యా, శాస్త్ర, సాంస్కృతిక సంస్థ 2009లోను, సవరించి 2018లోను మార్గదర్శకాలు ప్రచురించింది. సక్రమమైన లైంగిక విద్య వలన పిల్లలు తొందరపడి అటువైపు పోరనీ, కొన్నిచోట్ల ఆ వయస్సు వెనక్కు జరుగుతుందనీ అందులో తేలింది. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సైతం, లైంగిక విద్య విచ్చలవిడితనానికి దారి తీస్తుందన్నది అపోహ అని ఒక తీర్పులో వ్యాఖ్యానించింది. ఆ తీర్పులోని మరో అంశం తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవలసినది: పిల్లలకు సంబంధించిన అశ్లీల దృశ్యాలను ఫోనులో దాచుకోవడం కూడా పోక్సో చట్టం క్రింద నేరం కాగలదు. స్నేహితుడు పంపాడని దాచుకున్న మీ అబ్బాయికి ఈ సంగతి ఎవరైనా చెప్పారా?

ఖమ్మం నేర్పిన సంగతి

తల్లిదండ్రుల వైఖరిని గురించి వ్రాసేటప్పుడు ఖమ్మం జిల్లాను మరువరాదు. 2009లో ఆ జిల్లాలో పది నుండి పద్నాలుగేళ్ళ బాలికలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించే టీకాను ఒక అధ్యయనంలో భాగంగా వేశారు. వారిలో చాలామంది సంక్షేమ హాస్టళ్ళలో ఉండి చదువుకునే గిరిజన బాలికలు. ఇదే అధ్యయనం గుజరాత్‌లోని వడోదరలోనూ సాగింది. రెండుచోట్లా కలిపి ఏడుగురు బాలికలు మరణించడంతో 2010 ఏప్రిల్‌లో దానిని ఆపివేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణలో తేలింది. అయితే తల్లిదండ్రుల అంగీకారపత్రాలపై హాస్టలు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారని బయటపడింది. 2013లో పార్లమెంటరీ స్థాయీసంఘం దీనిని తీవ్రంగా తప్పుపట్టింది.

ఆ టీకా మంచిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 9 నుండి 14 ఏళ్ళ బాలికలకు దానిని సిఫారసు చేస్తున్నది. 2023 జనవరిలో మన దేశంలో తయారైన టీకా కూడా వచ్చింది. అయినా నేటికీ ఆ పేరు ఎత్తగానే "ఖమ్మంలో ఏమయిందో తెలియదా?" అని అడిగే తల్లులు నా వద్దకు వస్తూనే ఉన్నారు. వారిని అజ్ఞానులనడం తేలిక. వారు అడిగేది ఒక్కటే: మా పిల్ల శరీరం విషయంలో మమ్మల్ని ఎందుకు అడగలేదు, దానికి ఎందుకు చెప్పలేదు అని. పెళ్ళికాని పిల్లకు ఈ టీకా ఎందుకన్న సందేహం ఇంకొందరిది. శారీరక సంబంధం ద్వారా సోకే వైరస్ నుండి రక్షణ కాబట్టి, అటువంటి అవకాశమే లేని వయస్సులో వేయించడమే దాని ప్రయోజనమని విడమరచి చెబితే ఎక్కువమంది అంగీకరిస్తున్నారు. విడమరచి చెప్పడానికి పది నిమిషాలు పడుతుంది, అంతే.

గోడ మీది రాతలు

ఇక మగపిల్లల సంగతి. రైలు ఏ పట్టణం సమీపించినా ముందుగా కనిపించేవి గోడల మీద "గుప్తవ్యాధులు, బలహీనత, శీఘ్ర ఉపశమనం" అన్న పెద్ద పెద్ద అక్షరాలు. ఫలానా లాడ్జిలో, ఫలానా తేదీలలో ప్రముఖ వైద్యులు లభిస్తారని కరపత్రాలు. ఇప్పుడు అవే మాటలు ఫోనులోకి వచ్చాయి. ఇటువంటి ప్రకటనలను నిషేధిస్తూ 1954లోనే ఒక చట్టం వచ్చింది. చట్టం ఉంది, గోడలూ ఉన్నాయి.

ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదివే ఒక అబ్బాయిని కొంతకాలం క్రితం తండ్రి నా దగ్గరకు తీసుకువచ్చాడు. ఆకలి లేదు, నిద్ర లేదు, పుస్తకం తెరిస్తే కన్నీళ్ళు. ఆరు నెలలలో ఎనిమిది కిలోలు తగ్గాడు. తండ్రి క్షయ అనుకొని పరీక్షలన్నీ చేయించాడు, ఏమీ లేదు. తండ్రిని బయటకు పంపి అడిగితే (ఇక్కడ పంపక తప్పలేదు) ఆ పిల్లవాడు చెప్పినది ఇది. పదిహేనో ఏట నిద్రలో స్ఖలనమైంది. భయపడి స్నేహితుని అడిగాడు. నలభై చుక్కల రక్తం ఒక చుక్క వీర్యమట, ఇలాగే పోతే మతి చెడుతుందట. లాడ్జిలోని ఒక "వైద్యుడు" నరాలు చచ్చుబడ్డాయని చెప్పి మూడు నెలల కోర్సు ఇచ్చాడు. ట్యూషను ఫీజుకని ఇచ్చిన డబ్బు అక్కడికి పోయింది. అది చాలక తల్లి ఉంగరం తాకట్టుకు వెళ్ళింది. పేరు లేని ఆ పొడి తిన్నకొద్దీ కడుపు మండింది. మండినకొద్దీ రోగం ముదిరిందని నమ్మాడు. చివరకు రైలు కట్ట దాకా వెళ్ళి వెనక్కు వచ్చిన రోజు కూడా ఒకటి ఉన్నది.

ఆ పిల్లవానికి ఏ రోగమూ లేదు. అతనికి నేను ఇచ్చిన మందు ఒక అరగంట సంభాషణ, రాత్రిపూట పాలు, ఉదయం నడక. కడుపు మంటకు కొంత చికిత్స. అంతే.

ఈ భయం ఎంత వ్యాపకమైనదంటే, ఆధునిక మనోవైద్యంలో దీనికొక పేరే ఉన్నది. 1960లో ఆచార్య ఎన్.ఎన్.విగ్ "ధాతు" శబ్దాన్ని బట్టి దీనికి ధాత్ సిండ్రోమ్ అని నామకరణం చేశారు. సప్తధాతువులలో శుక్రం చివరిదనీ శ్రేష్ఠమైనదనీ చెప్పిన ఆయుర్వేదాన్ని అడ్డు పెట్టుకొని భయాన్ని అమ్ముకునేవారు మా శాస్త్రానికి చేస్తున్న అపచారం ఇంతా అంతా కాదు. శరీరంలో వీర్యం నిరంతరం తయారవుతూనే ఉంటుంది. మిక్కుటమైనది నిద్రలో దానంతట అదే వెలుపలికి వస్తుంది. కౌమారంలో ఇది సహజం. హస్తప్రయోగం వలన రక్తం తగ్గడం, చూపు మందగించడం, నరాలు దెబ్బతినడం, పిల్లలు పుట్టకపోవడం జరగవు. కొందరు అబ్బాయిలకు ఈ వయస్సులో ఛాతీ దగ్గర కొద్దిగా గడ్డకట్టినట్లు వాపు కనిపిస్తుంది. చాలామందిలో అది ఒకటి రెండేళ్ళలో తనంత తానే పోతుంది. ఈ నాలుగు వాక్యాలు ఏ తండ్రి అయినా చెప్పగలడు. చెప్పని ఇంటికి లాడ్జి వైద్యుడు వస్తాడు. చీటీ మీద పేరు, తయారీదారు చిరునామా లేని పొడులలో స్టెరాయిడ్లు, సరిగా శుద్ధి చేయని లోహాలు ఉండే ప్రమాదం ఉన్నదని కూడా గుర్తుంచుకోండి.

ఎప్పుడు, ఎంత?

అన్నీ ఒకేనాడు కూర్చోబెట్టి చెప్పాలన్న ఆలోచనే చాలామంది తల్లిదండ్రులను బెదరగొడుతున్నది. అన్నం కూడా ఒకేసారి వారానికి సరిపడా తినిపించం కదా. మూడు నాలుగేళ్ళ పసివారికి చేయి, కాలు, ముక్కు నేర్పినట్లే మర్మావయవాలకు కూడా పేరు నేర్పితే చాలు. పేరు తెలియని బిడ్డ తనకు ఎక్కడ, ఏ కీడు జరిగిందో చెప్పలేదు. ఆ భాగాలను అమ్మ స్నానం చేయించేటప్పుడు, డాక్టరు అమ్మ ఎదుట పరీక్షించేటప్పుడు తప్ప ఎవరూ తాకరాదనీ, తాకి "ఎవరికీ చెప్పకు" అన్నవారు ఎంతటి దగ్గరి బంధువైనా వెంటనే చెప్పాలనీ బడిలో చేరేలోగా తెలియాలి. ఇటువంటి కీడు చేసేవారు చాలాసార్లు ఇంటికి తెలిసినవారే అయి ఉంటారు. 2012 నవంబరు 14 నుండి అమలులో ఉన్న పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు వారందరూ బాలలే. నేరం తెలిసినవారు ఫిర్యాదు చేయకపోవడమూ శిక్షార్హమే. సహాయానికి 1098 నంబరుకు ఫోను చేయవచ్చు. పరువు పోతుందని నోరు మూసుకునే పెద్దల వలన పోయేది పరువు కాదు, బిడ్డ.

ఋతుస్రావాన్ని గురించి మొదటిసారి అయ్యాక చెప్పడం ఆలస్యమే. తొమ్మిది, పది ఏళ్ళకు ఛాతీలో మార్పు కనిపించగానే చెప్పాలి. సాధారణంగా ఆ తరువాత రెండు మూడు సంవత్సరాలకు రజస్వల అవుతారు. బడిలో గౌను మీద మరకను చూసి రక్తం కక్కి చచ్చిపోతానేమోనని బాత్రూములో తలుపు వేసుకున్న పిల్లను నేను ఎరుగుదును. సంచిలో ఒక ప్యాడు, ఒక మార్పు బట్ట పెట్టి, ఎలా వాడాలో చూపించి, ఎన్ని గంటలకు మార్చాలో చెప్పడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం సరిపోతుంది. నాలుగు నుండి ఆరు గంటలకొకసారి మార్చాలి. బట్ట వాడేవారు సబ్బుతో ఉతికి ఎండలోనే ఆరవేయాలి. చీర కింద, మంచం కింద దాచి ఆరవేసిన తడి బట్ట రోగాలకు మూలం. మరొక సంగతి: ఆ పాఠం అన్నదమ్ములకు కూడా చెప్పండి. చెల్లెలు ఎందుకు పడుకున్నదో తెలిసిన అన్న వేళాకోళం చేయడు, వేడినీళ్ళ సీసా తెచ్చి ఇస్తాడు.

పదమూడు, పద్నాలుగేళ్ళ వారికి గర్భధారణ ఎలా జరుగుతుందో, సుఖవ్యాధులు ఎలా వ్యాపిస్తాయో, ఆకర్షణకు ప్రేమ అని పేరు పెట్టి తొందరపెట్టేవారిని ఎలా తిరస్కరించాలో తెలియాలి. ఫోటో పంపమని అడిగే స్నేహితునికి కాదని చెప్పడం కూడా ఇందులో భాగమే. పంపి చిక్కులో పడినా అమ్మానాన్నలకు చెప్పవచ్చునన్న ధైర్యం అంతకన్న ముఖ్యం. ఇంతవరకు వచ్చేసరికి మా పాఠకులలో కొందరు పేజీ తిప్పివేయాలనుకుంటున్నారని నాకు తెలుసు. ఒక్కమాట. మీరు చెప్పకపోయినా మీ బిడ్డ తెలుసుకుంటాడు. ఫోను చెబుతుంది, అదీ కల్తీ సరుకు.

వంటింట్లోని ఉపశమనం

ముట్టు నొప్పికి వెరవవలసిన పని లేదు. గర్భాశయాన్ని సంకోచింపజేసే రసాయనాల వలన పొత్తికడుపులో, నడుములో నొప్పి కలుగుతుంది. పొత్తికడుపు మీద వేడినీటి సీసాతో పదిహేను నిమిషాలు కాపడం మంచి ఉపశమనం. పావు చెంచా శొంఠి పొడి గ్లాసుడు నీటిలో మరిగించి, బెల్లం ముక్క వేసి, మొదటి రెండు రోజులు ఉదయం, సాయంత్రం త్రాగించవచ్చు. వాము నీళ్ళు కడుపుబ్బరానికి ఉపకరిస్తాయి. పెరుగు తినకూడదు, తల స్నానం చేయకూడదు, మూల కూర్చోవాలి అన్న కట్టడులకు వైద్యపరమైన ఆధారం లేదు. ఆ రోజులలో శుభ్రత మరింత అవసరం. రెండు రోజులు విశ్రాంతి కావాలని పిల్ల అడిగితే ఇవ్వండి, అంటు అని మాత్రం కాదు.

నొప్పికన్న రక్తహీనత పెద్ద సమస్య. పైన చెప్పిన సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ళ బాలికలలో నూటికి 59.1 మందికి, బాలురలో 31.1 మందికి రక్తం తక్కువ. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలిరంగు ఇనుము మాత్రను "వేడి చేస్తుంది" అని పారవేయించే తల్లులు ఉన్నారు. దయచేసి అలా చేయకండి. భోజనం చేశాక మాత్ర వేసి, గంట వరకు టీ, కాఫీ ఇవ్వకుండా, ఉసిరికాయ పచ్చడో నిమ్మరసమో కలిపిన ఆహారం ఇస్తే ఇనుము బాగా వంటబడుతుంది. తోటకూర, మునగాకు, నువ్వులు, బెల్లం, రాగులు వంటింటి మందులే. కాని రక్తం బాగా తక్కువైనప్పుడు ఇవి మాత్రకు తోడు మాత్రమే.

మొదటి రెండేళ్ళు నెలసరి క్రమం తప్పడం సహజం. 21 నుండి 45 రోజుల మధ్య ఎప్పుడైనా రావచ్చు. పదిహేనేళ్ళు నిండినా రజస్వల కాకపోయినా, పదమూడేళ్ళకు ఛాతీలో ఏ మార్పూ లేకపోయినా, ఏడు రోజులు దాటి స్రావమవుతున్నా, గంట రెండు గంటలకే ప్యాడు తడిసిపోతున్నా, మూడు నెలలు వరుసగా ఆగిపోయినా, నొప్పి వలన ప్రతినెలా బడి మానవలసి వస్తున్నా ఇంటి చిట్కాలతో కాలం గడపరాదు. స్త్రీవైద్యురాలికి చూపించాలి. మగపిల్లవానికి పద్నాలుగేళ్ళు నిండినా ఏ మార్పూ కనిపించకపోతే అదే మాట. 2014 జనవరిలో మొదలైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం క్రింద 10-19 ఏళ్ళ వారికి సలహాలు ఇచ్చే కేంద్రాలు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉన్నాయి. అక్కడికి పిల్లలను తీసుకువెళ్ళడానికి సిగ్గుపడవద్దు.

పైన చెప్పిన ఇంటర్మీడియట్ అబ్బాయి తండ్రి నెల తిరిగాక మళ్ళీ వచ్చాడు. ఈసారి వెంట ఎవరూ లేరు. చిన్నకొడుకు పదమూడో ఏట ప్రవేశించాడట. "వాడికి మీరు చెబుతారా డాక్టరుగారూ, ఫీజు ఇస్తాను" అన్నాడు. మీరే చెప్పండి అన్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియదన్నాడు. చెప్పవలసిన పది మాటలు కాగితం మీద వ్రాసి ఇచ్చాను. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మళ్ళీ కలిసినప్పుడు అడిగితే, స్కూటరు మీద ట్యూషనుకు తీసుకువెళ్తూ చెప్పానన్నాడు. "ముందు నేను, వెనక వాడు. ఒకరి ముఖం ఒకరం చూసుకోనక్కర లేదు కదండీ. కాగితంలోని మాటలు ఆరు చెప్పేసరికి ట్యూషను వచ్చేసింది. వాడు దిగి, సంచి తగిలించుకొని, ఇవన్నీ నీకెవరు చెప్పారు నాన్నా అని అడిగాడు."

"మీరేమన్నారు?"

"ఎవరూ చెప్పలేదురా అన్నాను. కాసేపు అక్కడే నిలబడ్డాడు. మిగతావి వచ్చేటప్పుడు చెప్పు అని లోపలికి వెళ్ళాడు."